అరవై ఒక్క ఉత్తుత్తి చేపలు

"తల తీయొద్దు. పొలుసు గీకొద్దు. పై పెదవికి మాత్రం కుడిపక్కన ఒక బెజ్జం పెట్టివ్వు."

ఆదివారం మార్కెట్లో చేపలావిడకు ఇలాంటి కోరిక చెప్పేవాడు ఒక్కడే ఉన్నాడు. మొదటిసారి విన్నప్పుడు ఆవిడ కత్తి పక్కన పెట్టి మనిషిని ఎగాదిగా చూసింది. రెండోసారి నవ్వింది. మూడోసారి నుంచి అడక్కుండానే మేకుతో పొడిచి ఇవ్వసాగింది. పేరు ఎప్పుడూ అడగలేదు. "బెజ్జం బాబు వచ్చాడు, మంచిది చూసి తియ్యి" అని పక్కనున్న చెల్లెలికి చెప్పేది, అంతే.

ఈ బెజ్జం బాబు వారంలో ఆరు రోజులు పళ్ళ డాక్టరు దగ్గర కాంపౌండరు. కుర్చీలో పడుకుని బిగుసుకుపోయిన వాళ్ళ భుజం మీద చెయ్యి వేసి "ఏం కాదండీ, చీమ కుట్టినట్టుంటుంది" అని చెప్పడం అతని ఉద్యోగంలో సగం. ఇరవై ఏళ్ళుగా చెప్పి చెప్పి ఆ మాట ఎంత నున్నగా అరిగిపోయిందంటే, అది అబద్ధమన్న సంగతి అతనికే గుర్తుండదు. పెళ్ళీ పెటాకులూ లేవు. ఉన్నదల్లా ఒక అద్దె గది, ఒక గాలం కర్ర, రెండు వీధుల అవతల అక్కా బావా.

చేప పెదవికి బెజ్జం పెట్టించాల్సిన అవసరం ఆ బావ వల్లే వచ్చింది.

బావ త్రాసుల మేస్త్రీ. ముప్ఫై నాలుగేళ్ళు ఒకే షెడ్డులో, బంగారం తూచే చిటికెడంత త్రాసు మొదలుకుని బస్తాలు తూచే కాటా దాకా అన్నీ బాగుచేశాడు. ముల్లు నడిమధ్యన నిలబడాలి. వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా ఆ రోజు ఆయనకు అన్నం సహించేది కాదు. ఇంట్లో గోడకున్న ఫోటో కాస్త వంకరగా ఉంటే మాట్లాడుతున్నవాడల్లా లేచి వెళ్ళి సర్దొచ్చేవాడు. అలాంటిది, అంకెలు చూపించే మిషన్లు వచ్చాయి, షెడ్డు మూతపడింది, మేస్త్రీ ఇంటికొచ్చి ఒక కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు.

మూడు నెలలు కూర్చున్నాడు. పలకరిస్తే ఊఁ అనేవాడు, పలకరించకపోతే అదీ లేదు. ఫోటో వంకరగా ఉన్నా లేవడం మానేశాడు. ఒకరోజు అక్క తమ్ముణ్ణి వంటింట్లోకి లాక్కుపోయి తలుపు దగ్గరగా వేసింది.

"మనిషి ఇంట్లో ఉన్నాడో లేడో తెలియట్లేదురా. నాకు భయంగా ఉంది."

అక్క ఎప్పుడూ భయమన్న మాట అనదు. తమ్ముడికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు తన గాలం పెట్టెలోంచి తోక విరిగిన ఉత్తుత్తి చేపను తెచ్చి బావ ఒళ్ళో పెట్టాడు. అది వేలెడంత కొయ్య ముక్క. చేపలా చెక్కి, రంగు వేసి, గడ్డం కింద చిన్న రేకు నాలుక బిగించి ఉంటుంది. నీళ్ళలో వేసి లాగితే ఈదుతుంది.

"ఇదేం చేస్తుంది?" అన్నాడు బావ. మూడు నెలల్లో ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది.

"పెద్ద చేపని బోల్తా కొట్టిస్తుంది బావా. పిల్ల చేప అనుకుని మింగబోయి గాలానికి చిక్కుతుంది."

"కొయ్యకీ చేపకీ తేడా తెలియనంత వెర్రిదా అది?"

"మనుషులే బోల్తా పడుతుంటే చేపలెంత. ఇలాంటిది ఒకటి చెక్కిపెడతావా?"

బావ ఆ కొయ్యముక్కను వేళ్ళ మధ్య తిప్పి చూసి తిరిగి ఇచ్చేశాడు. కానీ ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసి, మంచం కింద నుంచి పనిముట్ల పెట్టె బయటికి వచ్చిందని గుసగుసగా చెప్పింది. నాలుగో రోజుకు చేప తయారైంది. మెత్తటి కొయ్యను చాకుతో చెక్కి, మూడు రకాల గరుకు కాగితాలతో రుద్ది, పాత దోమతెర ముక్కను ఒంటికి చుట్టి పైన రంగు అద్దితే తెర కళ్ళన్నీ పొలుసులై అచ్చుపడ్డాయి. వార్నిష్ అయిదు పూతలు. లోపల బరువు కోసం ఒక సీసపు గుండు. దాన్ని ఎక్కడ పెట్టాలన్న అనుమానమే ఆయనకు రాలేదు. పొడవుకు నడిమధ్య, మందానికి నడిమధ్య.

"చూడు," అని బేసిన్లో వదిలాడు. "ఎలా పెడితే అలా ఉంటుంది. అటు మొగ్గదు, ఇటు మొగ్గదు."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం షెడ్డు రోజుల నాటి ముఖం. తమ్ముడు పొంగిపోయాడు. ఆ ఆదివారమే ఊరి చివర రిజర్వాయరుకు వెళ్ళి, గాలాలు తగిలించి, చేపను విసిరి లాగాడు. అది ఈదితే ఒట్టు. బొంగరంలా గిరగిరా తిరుగుతూ వచ్చింది. ఎన్నిసార్లు వేసినా అంతే. దారమంతా మెలికలు పడి పిచ్చిక గూడులా తయారైంది. పక్కన కూర్చున్న ముసలాయన కాసేపు చూసి, "ఏమయ్యా, నీళ్ళకి మర బిగిస్తున్నావా?" అన్నాడు.

సాయంత్రం అక్కా వాళ్ళింటికి వెళ్తూ దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. బాగుంది బావా, కాకపోతే కొంచెం తిరుగుతోంది, ఒకసారి చూడు. ఇంతే కదా, ఇందులో తప్పేముంది అనుకున్నాడు. తలుపు కొట్టాడు. తీసింది బావ. గోడవైపు కుర్చీలోంచి లేచి, నడిచి వచ్చి, గడియ తీసి, "ఏమైంది?" అని అడిగాడు బావ.

"పడింది బావా! కిలోన్నర!" అంది కాంపౌండరు నోరు.

ఇక చూసుకోండి. చేపను మోసం చెయ్యాల్సిన కొయ్యముక్క బావను మోసం చేసింది. చేప ఏదిరా అంటే స్నేహితులతో తినేశామన్నాడు. వచ్చేవారం తెస్తానన్నాడు. వచ్చేవారానికి మార్కెట్టూ, మేకూ, పెదవి బెజ్జమూ వచ్చి చేరాయి. బావ ఆ బెజ్జాన్ని బొటనవేలితో తడిమి చూసి, "ఇదిగో, ఇక్కడ తగిలింది," అని అక్కకు చూపించేవాడు. కొత్తది కావాలన్నప్పుడల్లా తమ్ముడు "పెద్దది పట్టి దారం తెంపుకుపోయింది బావా" అనేవాడు. బావ గర్వంగా కొత్త కొయ్య తీసేవాడు, చెక్కినదాని పొట్ట మీద వరస నంబరు వేసి ఇచ్చేవాడు. మొదటి నాలుగూ నీళ్ళలో వేసి చూశాక అయిదోదాని నుంచి కాంపౌండరు ఆ ప్రయత్నం కూడా మానేశాడు. అన్నీ తీసుకెళ్ళి, మంచం కింద రేకు డబ్బాలో దూది పరిచి దాచాడు. ఒకసారి రమ్మంటే బావ రిజర్వాయరుకు వచ్చేవాడూ కాదు. "త్రాసు బాగుచేసినవాడు వెళ్ళి కూరగాయలమ్ముతాడా? చెక్కడం నా పని, పట్టడం నీ పని" అనేవాడు.

ఇలా మూడేళ్ళు. ఇంట్లో కుర్చీ గోడవైపు నుంచి కిటికీవైపు తిరిగింది. ఫోటోలు తిన్నగా నిలబడ్డాయి. ఈ అబద్ధం ఇంకో ముప్ఫై ఏళ్ళు ఆడమన్నా ఆడేవాడు కాంపౌండరు. కానీ ఒక ఆదివారం అతనికి ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది.

"పాపం వాడెక్కడికి వెళ్తాడు, ఈ పూటకి నేనే కొనుక్కొస్తాను," అని బావ సంచి పట్టుకుని మార్కెట్టుకు బయలుదేరాడు. అది పాత కర్టెన్‌తో అక్క కుట్టిన సంచి, పళ్ళేలంత పసుపుపచ్చ పువ్వులున్నది. ప్రతి ఆదివారం తమ్ముడు చేప తెచ్చేది అందులోనే. ఊళ్ళో అలాంటిది ఇంకోటి లేదు. చేపలావిడ దూరం నుంచే గుర్తుపట్టింది.

"ఇది బెజ్జం బాబు సంచి కదా! మీ ఇంటివాడా? బాగున్నాడా? మీకూ పెదవికి పొడిచి ఇవ్వమంటారా?"

కాంపౌండరు దుప్పటి కప్పుకుని మూలుగుతుంటే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. బావ లోపలికి వచ్చి, సంచిని బల్ల మీద పెట్టి, మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. అరవలేదు. నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం చూశాడు. తర్వాత అడిగాడు.

"మేకు ఏ సైజుదిరా?"

కాంపౌండరుకు జ్వరం దిగిపోయినంత పనైంది. దుప్పటి తీసి లేచి కూర్చున్నాడు.

"బావా..."

"నేను చెక్కినవి ఏవి?"

చెప్పక తప్పలేదు. మంచం కింద నుంచి డబ్బా లాగి మూత తీశాడు. బావ ఒక్కొక్కటే వేలితో కదుపుతూ లెక్కపెట్టాడు. అరవై ఒకటి. మొదటి నాలుగింటి మీద తప్ప గాలం గీత లేదు, పంటి గాటు ఒక్కదాని మీదా లేదు.

"ఒక్కటీ ఈదలేదా?"

"మొదటి నాలుగు తిరిగాయి బావా, గిరగిరా. మిగతావి వెయ్యలేదు. నువ్వు కుర్చీలోంచి లేచావని... మళ్ళీ కూర్చుంటావేమోనని..."

"అబద్ధమాడావని కాదురా." బావ డబ్బా మూత పెట్టేశాడు. "మొదటిదానికే చెప్పి ఉంటే రెండోది సరిచేసుకునేవాణ్ణి కదా. అరవై ఒక్కసార్లు ఒకే తప్పు చేయించావు నాతో. నా చేతుల మీద నీకు అంతేనా నమ్మకం?"

సంచీ చేపా అక్కడే వదిలేసి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మూడేళ్ళలో తను చేసింది మంచిపని అనుకున్న కాంపౌండరుకు, అది మనిషిని తక్కువ చెయ్యడమని అప్పుడు తెలిసింది. జ్వరంలో ఒక్కడే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు.

రెండు రోజుల తర్వాత అక్క ఫోన్ చేసింది. "కుర్చీ మళ్ళీ గోడవైపు తిప్పుకున్నారురా. పనిముట్లకి తాళం వేశారు."

"అక్కా, నేను..."

"నాకు చెప్పకు. ఐసులో పెట్టిన చేపకీ ఇప్పుడే పట్టిన చేపకీ తేడా వండేదానికి తెలియదా? మొదటి వారమే తెలిసింది. ఆయన నవ్వుతున్నారు కదా అని నోరు మూసుకున్నాను. ఇద్దరం కలిసి ముంచాం. నువ్వే ఏదో ఒకటి చెయ్యి."

ఏం చెయ్యాలో తోచలేదు. క్షమించమని అడగొచ్చు. కానీ నున్నటి మాటలు తన దగ్గర ఎన్ని లేవు! బావ వాటిలో ఒక్కటైనా ఇక నమ్ముతాడా? ఆలోచించి ఆలోచించి, జ్వరం తగ్గిన మూడో రోజున డాక్టరుకు సెలవు చెప్పి, రేకు డబ్బా చంకన పెట్టుకుని పొద్దున్నే రిజర్వాయరుకు వెళ్ళాడు. ఒకటో నంబరు తీశాడు. గాలాలు తగిలించాడు. విసిరాడు, లాగాడు, చూశాడు. మూడేసిసార్లు. తర్వాత మెలికలు పడ్డ దారం విప్పుకుని, రోగుల వరస రాసుకునే పుస్తకంలో చూసింది చూసినట్టు రాశాడు. రెండో నంబరు తీశాడు.

మధ్యాహ్నానికి భుజం లాగేసింది. చూపుడువేలు కోసుకుపోయింది. అదే ముసలాయన అదే చోట కూర్చుని ఉన్నాడు, "ఇంకా బిగియలేదా?" అని అడిగాడు. కాంపౌండరు నవ్వలేదు. పొద్దు వాలేసరికి అరవై ఒకటీ అయ్యాయి.

అక్కా వాళ్ళింట్లో బావ గోడవైపే చూస్తున్నాడు. కాంపౌండరు పుస్తకం ఆయన ఒళ్ళో పెట్టి, కింద చాప మీద కూర్చున్నాడు. చాలాసేపటికి బావ కళ్ళజోడు పెట్టుకున్నాడు.

ఒకటి: గిరగిరా తిరిగింది. రెండు: అదే. మూడు: అదే, ఇంకా వేగంగా. పద్నాలుగు: వెల్లకిలా వచ్చింది, చచ్చిన చేపలా. పంతొమ్మిది: నాలుక వదులు, మొదటిసారికే ఊడింది. ముప్ఫై ఏడు దగ్గర 'రంగు చాలా బాగుంది' అని రాసి కొట్టేసి ఉంది. కింద 'ఈత రాదు' అని ఉంది.

కొట్టివేత దగ్గర బావ ఆగాడు. మూతి ఒక పక్కకు కదిలింది. పేజీ తిప్పాడు. మళ్ళీ వెనక్కి తిప్పాడు.

"ఇరవై మూడు ఏంటిది? తిరగలేదు అని రాశావు."

"అవును బావా. ఒరిగి వంకరగా వచ్చింది. కానీ తిరగలేదు."

"నిజంగా చూశావా?"

"ఆరుసార్లు వేశాను. నాకే నమ్మకం కలగలేదు."

బావ లేచాడు. తాళం తీశాడు. ఇరవై మూడో చేపను బిగించి, సన్నరంపంతో తల నుంచి తోక దాకా నిలువునా కోశాడు. రెండు చెక్కలూ దీపం కిందకు తెచ్చాడు. సీసపు గుండు నడిమధ్యన లేదు. గోరంత కిందికి, పొట్టవైపుకు దిగి ఉంది.

"ఆ రోజు చెయ్యి జారింది," అన్నాడు మెల్లగా. "డ్రిల్లు కిందికి పోయింది. సిగ్గేసి, నీకు చెప్పకుండా పైన రంగు పూసి ఇచ్చేశాను."

ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. ముందు బావ నవ్వాడు. పొట్ట పట్టుకుని, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. వంటింటి గుమ్మంలో అక్క గరిటె పట్టుకుని ఆయన్నే చూస్తూ నిలబడిపోయింది.

"ముప్ఫై నాలుగేళ్ళు ముల్లుని మధ్యలో నిలబెట్టిన చెయ్యిరా ఇది. అన్నిటికీ మధ్యే న్యాయం అనుకున్నాను. అన్ని పక్కలా సమానమైతే ఇక దానికి పైకేదో కిందకేదో ఎలా తెలుస్తుంది? పొట్ట బరువుండాలి దీనికి. నా తలకాయ! బేసిన్లో చూపించి మురిసిపోయాను కూడాను."

అరవై రెండోది చెయ్యడానికి పన్నెండు రోజులు పట్టింది. ఈసారి కాంపౌండరు రోజూ సాయంత్రం వచ్చి పక్కన కూర్చున్నాడు. సీసం ఎంత దించాలన్న దాని మీద ఇద్దరూ కొట్టుకున్నంత పని చేశారు. "పళ్ళు పీకేవాడివి, నీకేం తెలుసురా" అని బావ, "గిరగిరా తిప్పేవాడివి, నీకు మాత్రం ఏం తెలుసు" అని బావమరిది. వార్నిష్ ఆరగానే బావ చొక్కా తొడుక్కుని, ఈసారి తనూ వస్తానన్నాడు. అక్క మందులూ, మంచినీళ్ళూ, టోపీ సర్ది, వాటితో పాటు తనూ బస్సెక్కింది.

రిజర్వాయరు గట్టు మీద గాలి నెమ్మదిగా వీస్తోంది. గాలం కర్ర ఎవరు పట్టుకోవాలన్న ప్రశ్న రాలేదు. బావ చేపను ఒకసారి అరచేతిలో పెట్టి చూసుకుని బావమరిది చేతికిచ్చాడు. కాంపౌండరు విసిరాడు. దూరంగా పడింది. నెమ్మదిగా రీలు తిప్పడం మొదలుపెట్టాడు.

చేప ఈదింది. తిరగలేదు, ఒరగలేదు. ఒళ్ళు అటూ ఇటూ ఆడిస్తూ, తోక కొట్టుకుంటూ, నీటి పైపొర కిందుగా ప్రాణమున్న దానిలా వచ్చింది.

"అబ్బ, ఎంత బాగా ఈదుతోందో!" అంది అక్క చప్పట్లు కొడుతూ.

"నువ్వుండు," అన్నాడు బావ. ఆయన నీళ్ళవైపు చూడట్లేదు. బావమరిది ముఖంలోకి చూస్తున్నాడు. "నాకు అంత దూరం ఆనదురా. నువ్వు చెప్పు. ఎలా వస్తోంది?"

కాంపౌండరు మళ్ళీ విసిరాడు. మళ్ళీ అంతే అందంగా వచ్చింది. మళ్ళీ అదే చోట, సగం దూరంలో, ఎడమవైపుకు జరిగింది. ఎక్కువ కాదు. చూడనివాడికి చెప్పకపోతే తెలియదు. అక్కకూ కనబడ్డట్టుంది, వెనక నుంచి అతని చొక్కా పట్టుకుని గుంజింది. వద్దురా, ఈ ఒక్కసారికి ఊరుకో అన్నట్టు గుంజింది. అద్భుతం బావా అన్న మాట నాలుక చివర దాకా వచ్చి తయారుగా నిలబడింది. కాంపౌండరు రీలు గట్టిగా పట్టుకున్నాడు. దవడ పళ్ళు పీకించుకునే వాళ్ళకు కూడా అంత భయం వేసి ఉండదు.

"ఎడమకి లాగుతోంది బావా," అన్నాడు.

అక్క చొక్కా వదిలేసింది.

"ఎంత?"

"బెత్తెడు."

"బెత్తెడా, జానెడా? సరిగ్గా చూసి చెప్పు."

ఇంకోసారి విసిరాడు. కన్నార్పకుండా చూశాడు. "బెత్తెడే. సగం దూరం తిన్నగా వస్తోంది, అక్కణ్ణుంచి లాగుతోంది."

"నాలుక ఒక పిసరు వంగి ఉంటుంది. ఇంటికెళ్ళి సరిచేద్దాం." బావ టోపీ తీసి గట్టు మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. నెమ్మదిగా అడిగాడు. "మరి అది కాకుండా?"

కాంపౌండరు కళ్ళు తుడుచుకున్నాడు.

"అది కాకుండా, ఈదుతోంది బావా. చేపలాగే ఈదుతోంది."

బావ నమ్మాడు.